నాన్న మాట్లాడిన వేసవి

మా నాన్న కొత్త బాణలి కొనుక్కొచ్చిన రోజున నాకు మొదటిసారి కడుపు మండింది.

ఆయన దేనికీ బజారుకు వెళ్ళే మనిషి కాదు. చొక్కా చిరిగితే అమ్మ కొనుక్కురావాలి, చెప్పు తెగితే నేను కుట్టించుకురావాలి. అలాంటి మనిషి మా చోంగ్‌చింగ్ ఊరి ఎండలో, రేవు నుంచి మా ఇంటిదాకా ఉన్న మెట్లన్నీ ఎక్కి, ఇనప బాణలి నెత్తిమీద బోర్లించుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటూ నోరు తెరిచాడు.

“ఇ... ఇందులో... పం... పం...”

“పంది కొవ్వు వెయ్యొద్దంటున్నాడు. ఆ పిల్ల కోసం,” అని అమ్మ వంటింట్లోంచే పూర్తిచేసింది.

నాన్న తలూపి బాణలి దించాడు.

ఆ పిల్ల పేరు జుహురా. ఆఫ్రికా పక్కన సముద్రంలో జాంజిబార్ అనే దీవి ఉందట, అక్కడి పిల్ల. మా ఊళ్ళో రేవులు కట్టే చదువు చదువుతోంది. వేసవి సెలవుల్లో హాస్టలుకి మరమ్మతులని అందర్నీ ఖాళీ చెయ్యమన్నారు. అమ్మతో మాజాంగ్ ఆడే హువాంగ్ పిన్ని ఆ పిల్లని వెంటబెట్టుకొచ్చి, “మీ పైగది ఖాళీయేగా, రెండు నెలలు ఉంచుకో, అద్దె ఇస్తుంది,” అంది. ఆ పైగది మా నానమ్మది. ఆవిడ పోయినప్పటి నుంచీ నేను ఆ గది కావాలని అడుగుతూనే ఉన్నాను. పాత సామాన్లున్నాయి, ఎక్కడ పెడతాం అంటూ వచ్చారు. జుహురా వస్తుందనగానే ఒక్క మధ్యాహ్నంలో సామాన్లన్నీ కదిలి నా మంచం కిందికి చేరాయి.

మా నాన్నకు నత్తి. చిన్నప్పటినుంచీ ఉంది. యాంగ్‌చీ నది మీద సరంగుగా పనిచేశాడు. పడవమీద ఆయనకి మాటలతో పెద్దగా పనిలేదు. చెయ్యి ఊపితే లంగరు లేచేది, కూత వేస్తే ఎదుటి పడవ పక్కకి తప్పుకునేది. ఒడ్డుమీదికి వచ్చాకే ఇబ్బంది. మా ఊళ్ళో మాట పెనం మీద మిరపగింజల్లా చిటపటలాడుతుంది, ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటారు. అందుకని ఇంట్లో ఆయన మాట ఎక్కడ తట్టుకుంటే అక్కడ అమ్మ అందుకునేది. అమ్మ లేకపోతే నేను అందుకునేదాన్ని. నాకు పాలపళ్ళు ఊడకముందే ఆ విద్య పట్టుబడింది. నాన్న ఏం చెప్పబోతున్నాడో మాకు ఆయన కన్నా ముందే తెలుసని ఇద్దరం గర్వపడేవాళ్ళం.

ఆ ఏడాది నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. నేను రేవులో పడవ టిక్కెట్లు అమ్మే కిటికీ వెనక కూర్చునేదాన్ని. కిటికీ ఇవతల కాదు, పడవ చుక్కాని వెనక నిలబడాలని నా ఆశ. ఆడపిల్లల్ని తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. శిక్షణకి పిల్లల్ని ఎంపిక చేసేది నాన్న పాత స్నేహితుడు టాన్ సరంగు. వసంతంలో ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చి, “ఏమోయ్ రన్, నీ కూతురు పడవెక్కుతానంటోంది. సెప్టెంబర్లో చేర్చుకోనా?” అని అడిగాడు. నాన్న గిన్నె కింద పెట్టి, “నా... నా బి... బిడ్డకి...” అని ఆగిపోయాడు. “బిడ్డకి ఆ పని వద్దంటున్నాడు,” అంది అమ్మ. నాన్న నా వైపు చూసి, తర్వాత గిన్నెవైపు చూసి, తిరిగి అన్నం తినడం మొదలుపెట్టాడు. టాన్ సరంగు తలూపాడు. అంతటితో సరి.

అప్పటినుంచీ నేను నాన్నతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆయన అది గమనించాడో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దంగా ఉండేవాడు. అలాంటి ఇంట్లోకి వచ్చిపడింది జుహురా.

మొదట్లో ఆ పిల్ల మాట వింటే నవ్వాగేది కాదు. మా భాషని పుస్తకంలోంచి నేర్చుకుంది.

“పిన్నిగారూ, దయచేసి నాకు కొంచెము చక్కెర ఇచ్చెదరా?” అని టీ కప్పు పట్టుకుని అడిగేది. మా భాషలో చక్కెరకీ సూపుకీ మాట ఒకటే, రాగమే తేడా. ఆ పిల్ల రాగం తప్పేది. అమ్మ పగలబడి నవ్వుతూ టీలో గరిటెడు సూపు పోయబోయేది. జుహురా కూడా నవ్వేది, మళ్ళీ అడిగేది, మళ్ళీ తప్పేది. నాన్న ఒక్కడే నవ్వేవాడు కాదు. చక్కెర డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, నిదానంగా ఆ మాట సరైన రాగంలో పలికేవాడు. ఒకే ఒక్క మాట. అందులో ఆయనకి ఎక్కడా తట్టుకునేది కాదు.

విదేశీయులు ఎవరింట్లో దిగినా ఠాణాకి వెళ్ళి పేరు రాయించుకోవాలి. ఠాణా, బ్యాంకు, ఆస్పత్రి లాంటి పనులన్నీ అమ్మవి. “రేపు నేను తీసుకెళ్తాలే,” అంది అమ్మ. తెల్లారి చూస్తే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆ పిల్లని తీసుకుని వెళ్ళాడు, పని చేసుకుని వచ్చాడు, దారిలో ఇద్దరూ పుల్ల ఐసులు కూడా తిన్నారు. వీధిలో ముసలాళ్ళు అరిచారు:

“ఏం రన్! ఈ వయసులో రెండో కూతురు పుట్టిందట కదా!”

“పె... పెద్దదే పుట్టింది,” అన్నాడు నాన్న. వీధి వీధంతా గొల్లున నవ్వింది. మా నాన్న హాస్యమాడటం నేను వినడం అదే మొదలు. అది నా గురించి కాదు.

తర్వాత ఆయన ఆ పిల్లకి ఆమె పేరులోంచే మా వాళ్ళ పేరొకటి పెట్టాడు, ఝూ అని. మంచి ఇంటిపేరే. కానీ అదే పలుకుకి పంది అని కూడా అర్థం. నేను వదలలేదు. అన్నం దగ్గర అందరి ముందూ, “ఝూ, ఝూ, ఇలా రా,” అని పందుల్ని పిలిచినట్టు పిలిచాను. జుహురా తినడం ఆపి నన్ను చూసింది. అర్థమైంది ఆ పిల్లకి.

“అక్కా,” అంది, “పంది తినని మనిషికి ఆ పేరే ఇచ్చితిరా? మా అమ్మకు చెప్పినచో మూర్ఛపోవును.”

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. నా వైపు చూసిన చూపుకి నా చాప్‌స్టిక్స్ మధ్యనుంచి ముక్క జారిపోయింది. అక్కా అని పిలవడం కూడా నాకు నచ్చేది కాదు. ఎవరికి అక్కని?

సాయంత్రాలు ఎండ తగ్గాక నాన్న బాల్కనీలో వెదురు కుర్చీ వేసుకునేవాడు. కిందుగా నది కనిపించేది. జుహురా ఆయన పక్కన పీట వేసుకుని కూర్చునేది. పాత రేవుల గురించి ఏదో రాసి ఇవ్వాలట కాలేజీలో. ఒకరోజు అమ్మ పుచ్చకాయ కోసి నా చేతికిచ్చి, వాళ్ళకి పెట్టిరమ్మంది. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను.

నాన్న మాట్లాడుతున్నాడు. మా వీధి మాటలో కాదు, బళ్ళో నేర్పే మాటలో, ఒక్కొక్క పదమూ విడివిడిగా.

“మా నాన్న... పడవలు... లాగేవాడు. తాడు... భుజాన వేసుకుని... ఒడ్డు వెంట... రాళ్ళ మీద. ఇరవై మంది... ఒకే తాడు. ఆ తాడు... ఒరుసుకుని... రాతికి... గాట్లు పడ్డాయి. ఇంత లోతు.”

“వేలు పట్టునా బాబాయ్?”

“చెయ్యి పడుతుంది.”

“ఆయన పాడెడివాడా?”

“పా... పాడేవాడు. పాటలో... ఆయనకి... నత్తి లేదు.”

జుహురా తల పైకెత్తింది. “ఆయనకు కూడానా?”

“ఆయనకి కూడా.”

తలుపు వెనక పుచ్చకాయ నీళ్ళు పళ్ళెం అంచునుంచి నా మోచేతి మీదుగా కారుతున్నాయి. మా తాత పడవలు లాగే కూలీ అని నాకు తెలియదు. ఆయనకి కూడా నత్తి ఉండేదని తెలియదు. పాడేవాడనీ తెలియదు. నా సొంత తాత గురించి నేను ఒక పరాయి పిల్ల హోంవర్కు చాటునుంచి వినాల్సి వచ్చింది. పళ్ళెం అక్కడే నేలమీద పెట్టేసి వచ్చేశాను. తర్వాత చీమలు పట్టాయని అమ్మ తిట్టింది.

ఆగస్టులో నాన్న ఆ పిల్లని ఫెంగ్‌చియే తీసుకెళ్తానన్నాడు. అది ఆయన పుట్టిన ఊరు. ఆనకట్ట కట్టాక పాత ఊరు మొత్తం నీటి కింద ఉంది, గుట్ట పైన కొత్త ఊరు కట్టారు. గాట్లు పడ్డ రాళ్ళు కొన్నిటిని మునగకముందే పైకి ఎత్తి పెట్టారట, అవి చూపిస్తాడట. నన్ను ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. అడిగితే, “ఏ... ఏముంది... నీ...” అనేవాడు. “నీళ్ళే,” అని నేను పూర్తిచేసేదాన్ని.

“వయసులో ఉన్న పిల్ల, ముసలాయన, ఇద్దరే వెళ్తే వీధిలో వాళ్ళకి మాటలు కావాలా?” అని అమ్మ నా వైపు తిరిగింది. “నువ్వూ పో.”

“తోకలాగానా?”

“తోకలాగే పో. మంచి గాలి పీల్చుకునిరా. నీ మొహం చూస్తుంటే అన్నం సహించట్లేదు నాకు.”

అలా బయల్దేరాను. ఆ మార్గంలో రైలు ఇంకా పడని రోజులు. పడవ మీదే పోవాలి. ఎక్కిన దగ్గరినుంచీ జనం జుహురా చుట్టూ మూగారు. ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని రంగు ఊడుతుందేమోనని బొటనవేలితో రుద్ది చూసింది. కుర్రాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. జడలు నిజమైనవేనా అని ఒకామె లాగి చూసింది. జుహురా అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది, అవును నా జుట్టే, లేదు చలి లేదు, అవును అన్నం తినెదను. ఎవరో నాన్నని అడిగారు, “ఎవరు పెద్దాయనా ఈ పిల్ల?”

“మా... మా ఇంటి పిల్ల.”

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నేనెవరని ఎవరూ అడగలేదు.

ఫెంగ్‌చియేలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రేవు దగ్గర చిన్న హోటల్‌కి వెళ్ళాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి జుహురా పాస్‌పోర్టుని వేడి పెనం పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చేసింది.

“విదేశీయులకి ఇక్కడ గదులివ్వం. పైన పెద్ద హోటల్ ఉంది, అక్కడికి పొండి.”

“ఈ... ఈ పిల్ల...” అన్నాడు నాన్న.

“మీ స్టూడెంటా? ఎవరైనా అంతే. ఇవ్వం.”

“ఈ పిల్ల... పే... పే...”

“పేదదా? నేనేం చెయ్యను పెద్దాయనా? మా రూల్ అది.”

నాన్న మెడ మీద నరం లేచింది. ఆ నరం నాకు బాగా తెలుసు. ఆయన చెప్పబోయేది పేరు అని కూడా నాకు తెలిసిపోయింది. ఠాణాలో పేరు రాయిస్తాను అని. నేను నోరు తెరిచాను. అంతలో జుహురా కౌంటర్ మీద అరచెయ్యి ఆనించింది.

“ఆగుము,” అంది ఆ అమ్మాయితో, చాలా మర్యాదగా. “బాబాయి ఇంకా చెప్పుచున్నాడు.”

కౌంటర్ అమ్మాయి ఆగింది. నేనూ ఆగిపోయాను, ఆ పిల్ల ధైర్యానికి ఒళ్ళు మండి. ఫ్యాను తిరుగుతోంది. వెనక ఎవరో బరువు దించుకుని విసుక్కున్నారు.

“పేరు,” అన్నాడు నాన్న. “ఠాణాలో... పేరు... నేను రాయిస్తాను. ఫోన్... చెయ్యి. వాళ్ళతో... నేను... మాట్లాడతాను.”

మాట్లాడాడు కూడా. ఫోన్ చెవికి ఆనించుకుని, అటువైపు వాళ్ళు విసుక్కుంటున్నా వదలకుండా, చెప్పదలుచుకున్నదంతా చెప్పాడు. ఒక పోలీసాయన స్కూటర్ మీద వచ్చి పాస్‌పోర్టు చూసి, రాసుకుని, “ఉండనీ,” అనేసి పోయాడు. నాన్నకొకటి, మా ఇద్దరికొకటి గదులు దొరికాయి.

గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. బళ్ళో నామీద పెన్సిలు డబ్బా దొంగతనం మోపినరోజు గుర్తొచ్చింది. ఆ రోజు నాన్న గేటు దాకా వచ్చాడు. వచ్చి అక్కడే నిలబడి అమ్మని లోపలికి పంపాడు. నాకోసం పంతులమ్మ ముందు ఒక్క మాట మాట్లాడలేకపోయిన మనిషి, ఎవరో పిల్లకి గది కోసం ఠాణాతో వాదించాడు. పక్క మంచం మీద జుహురా హాయిగా నిద్రపోతుంటే నేను దుప్పటి తలమీదాకా లాక్కున్నాను.

పొద్దున్న గుట్ట మీద ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. చుట్టూ ఇనప కంచె ఉంది. నాన్న కంచె సందులోంచి చెయ్యి దూర్చి ఒక గాటులో నాలుగు వేళ్ళూ పెట్టాడు. అలాగే నిలబడ్డాడు. జుహురా బొమ్మ గీసుకుంటోంది. నేను మెట్లు దిగి నీళ్ళ వైపు వెళ్ళిపోయాను. కాసేపటికి ఆ పిల్ల వెనకే వచ్చింది.

“అక్కా, బాబాయి నిన్ను పిలుచుచున్నాడు. రాయి చూపించునట.”

“నువ్వు చూశావుగా, చాలు. నీకేం, రెండు నెలలుంటావు, పోతావు. ఆయన మాటలన్నీ మూట కట్టుకుని మరీ పోతావు.”

జుహురాకి సగమే అర్థమైంది. కానీ నా గొంతు పూర్తిగా అర్థమైనట్టుంది.

“నేను ఏమి దొంగిలించితిని?”

“మా నాన్న నాతో ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడలేదు! నీతోనే ఎందుకు? నీలో ఏముంది?”

ఆ పిల్ల ముఖం మొదటిసారి గట్టిపడింది. పుస్తకం భాష కూడా ముక్కలైంది.

“ఇక్కడ అందరూ నన్ను చూచెదరు. ఫొటో తీసెదరు. జుట్టు లాగెదరు. సంవత్సరం అయినది. ఎవరూ మాట్లాడరు. బాబాయి మాట్లాడినాడు. ఒక్కడు. అది కూడా నీకు ఇచ్చివేయవలెనా?”

నీళ్ళమీద ఒక ఇసుక పడవ వెళ్తోంది. అది దాటిపోయేదాకా ఇద్దరం అటే చూశాం.

“ఎందుకు నాతో అని అడిగితివి,” అంది కాసేపటికి, తనలో తను ఆలోచించుకుంటున్నట్టు. “నాకు తెలియదు. బహుశా... నాకు తర్వాత రాబోవు మాట ఏదో తెలియదు గనుక. నీకు తెలియును. పిన్నికి తెలియును. నాకు ఒక్కటీ తెలియదు. కనుక చివరివరకు వినెదను.”

అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కిందని చెప్తే అబద్ధం. పెద్ద వేదాంతం చెప్పొచ్చింది అనుకున్నాను. రాయి చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

తిరుగు ప్రయాణం టాన్ సరంగు పడవలో పడింది. దారిలో పైన ఎక్కడో కుండపోత కురిసి నది ఎర్రగా పొంగింది. ముందుకి పోవద్దని కబురొస్తే వాన్‌చౌ రేవు దగ్గర లంగరు దించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక టాన్ సరంగు మనిషిని పంపి మా ముగ్గుర్నీ పైన చుక్కాని గదిలోకి పిలిపించాడు.

నేను చిన్నప్పటినుంచీ అడుగుపెట్టాలనుకున్న గది అది. నాన్న పనిచేసిన రోజుల్లో ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. అద్దాల మీద వాన జారుతోంది. నాన్న జుహురాని చుక్కాని దగ్గరికి పిలిచి, “ప... పట్టుకో,” అన్నాడు. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

టాన్ సరంగు ఇది చూసి టీ గ్లాసు పక్కనబెట్టాడు. మొహమాటమెరగని మనిషి.

“నీ సంగతి నాకు అర్థం కాదోయ్ రన్. ఎక్కడో సముద్రం అవతలి పిల్ల చేతికి చుక్కాని ఇస్తావు. సొంత కూతుర్ని మాత్రం పడవెక్కనివ్వవు. వసంతంలో అడిగితే వద్దన్నావు. ఇదేం న్యాయం?”

నాన్న తల తిప్పాడు. ముందు టాన్‌ని చూశాడు, తర్వాత నన్ను.

“నే... నేను... వ... వ...”

“వద్దన్నావు, అవును, నేనే విన్నానుగా...” అని టాన్ అందుకోబోయాడు.

నాకు నోటిదాకా వచ్చేసింది. వద్దన్నది నా మంచికేనంటున్నాడు. అదే ఆయన చెప్పబోయేది, నాకు ఖాయంగా తెలుసు, నాలుక కొసన ఉంది. జుహురా చుక్కాని వదలకుండా నా వైపు చూసింది.

“ఆగండి మామయ్యా,” అన్నాను టాన్‌తో.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ పిల్ల చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అన్న ఉక్రోషంతోనే అయ్యుంటుంది.

నాన్న గడ్డం వణికింది. నరం లేచింది. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉందంటే, వాన చినుకులు రేకు మీద వేరే వేరే చోట్ల పడుతున్న చప్పుడు కూడా విడివిడిగా వినిపించింది. ఆయన్ని అలా వదిలేసి చూడటం, పడిపోతున్న మనిషికి చెయ్యి అందించకుండా నిలబడినంత కష్టంగా ఉంది.

“వద్దనలేదు,” అన్నాడు నాన్న.

టాన్ సరంగు కనుబొమలు పైకి లేచాయి.

“ఆ రోజు... చెప్పబోయింది... వేరు. నా... బిడ్డకి... భయం లేదు. అదే... నా భయం.” ఊపిరి తీసుకున్నాడు. “భయం లేని వాళ్ళు... ఈ నీళ్ళమీద... ఎక్కువ కాలం... ఉండరు. నువ్వు... నేర్పు... దానికి. భయం నేర్పి... తర్వాత... చుక్కాని నేర్పు. తీసుకో... నా బిడ్డని.”

నాకు తెలుసనుకున్న మాట అందులో ఒక్కటి కూడా లేదు.

“ఓరి నీ!” అన్నాడు టాన్ సరంగు చివరికి. “ఈ నాలుగు ముక్కలూ ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆగస్టుకి ముగించావా?”

నాన్న నవ్వాడు. భుజాలు ఊగేలా నవ్వాడు. జుహురాకి జోక్ అర్థం కాక అందరి ముఖాలూ చూసి తనూ నవ్వేసింది. నేను అద్దం వైపు తిరిగి నదిని చూస్తున్నట్టు నటించాను. నాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అందించలేదు.

ఇంటికి చేరాక నేనే అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో ఉన్న కాకరకాయ బల్లమీద విసిరేసింది.

“అయితే ఏంటి, ఆయన మాట నేను మింగేశానంటావా? నీకేం తెలుసే! మా పెళ్ళిలో ఆచారానికి మా అమ్మకి టీ ఇస్తూ ఆయన ‘అమ్మా’ అనడానికి తంటాలు పడుతుంటే, మా అన్నలు నోటికి గుడ్డలు అడ్డంపెట్టుకుని నవ్వారు. ఆ రోజు అనుకున్నాను, ఇంక నా ముందు ఈ మనిషిని చూసి ఎవ్వడూ నవ్వకూడదు. వాళ్ళు నవ్వేలోపు నేను పూర్తిచేసేస్తా, అంతే. అది తప్పా?”

నేను తప్పనలేదు. అమ్మ కాకరకాయ అందుకుని, సగం కోసి, కత్తి పక్కన పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ రోజు మాజాంగ్‌కి పిలుపు వచ్చినా వెళ్ళలేదు.

సెప్టెంబర్లో హాస్టలు తెరిచారు. జుహురా వెళ్ళే రోజు నాన్న ఆమె పెట్టె భుజాన వేసుకుని మెట్లన్నీ దిగాడు. నేను పైన గోడ దగ్గర నిలబడి చూశాను. కింద బస్సు దగ్గర ఇద్దరూ ఆగారు. నాన్న ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. జుహురా తల వంచి వింది, తర్వాత రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. అంత దూరానికి ఏమీ వినిపించలేదు. ఏం చెప్పావు నాన్నా అని తర్వాత అడిగాను. ఆయన చెప్పలేదు. నేను కావలసినంతసేపు ఆగాను, అయినా చెప్పలేదు. అది వాళ్ళిద్దరిదీ. ఇప్పుడు నేను ఆ నదిమీదే పడవ నడుపుతున్నాను, జుహురా వాళ్ళ దీవిలో రేవు కడుతోంది, పండక్కి పండక్కి నాకు ఫోన్ చేసి అక్కా అంటుంది, నేను పలుకుతాను. కానీ ఆ బస్సు దగ్గరి మాటలు తలుచుకుంటే మాత్రం లోపల ఎక్కడో ఇంకా చురుక్కుమంటుంది.

ఆ పిల్ల వెళ్ళిపోయిన రోజు సాయంత్రం మేం ముగ్గురమే అన్నానికి కూర్చున్నాం. నాన్న సూపు ఒక గుక్క తాగి గిన్నె దించాడు.

“ఈ... ఈ సూ... సూపు...”

అమ్మ నోరు తెరిచింది. నన్ను చూసింది. తెరిచిన నోట్లో పిడికెడు అన్నం కుక్కుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని కూర్చుంది. నేను చాప్‌స్టిక్స్ కింద పెట్టాను. సూపు మీద ఆవిరి తగ్గి, నూనె తెట్టు కట్టింది. కింద వీధిలో ఎవరో ఎవర్నో పిలిచి, వాళ్ళు వచ్చి, ఇద్దరూ వెళ్ళిపోయారు కూడా.

“ఉ... ఉప్పు,” అన్నాడు నాన్న, “ఎక్కువైంది.”

అమ్మ అన్నం మింగింది. “ఇందుకా ఇంతసేపు ఊపిరి బిగబట్టాను!”

నాన్న చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆయన మాట ఇంకా అవ్వలేదు.

“పెళ్ళైన... దగ్గర్నుంచీ,” అన్నాడు.